భాటకం, పదును, బోరుబావి: ఒక విద్యార్థిని చదివిన రెండు శాస్త్రాలు

తెలుగు మాధ్యమంలో బి.ఎ. చదివే విద్యార్థికి ఆర్థికశాస్త్రం మొదట పరిభాష రూపంలోనే ఎదురవుతుంది. అనంతపురం జిల్లాలోని ఒక మెట్ట గ్రామం నుండి వచ్చి, ఆర్థికశాస్త్రం, భూగోళశాస్త్రం, చరిత్ర ప్రధానాంశాలుగా డిగ్రీలో చేరిన ఒక విద్యార్థిని మొదటి సంవత్సరంలో చాలాకాలం ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఆ మాట ‘భాటకం’. భూమి, శ్రమ, మూలధనం, వ్యవస్థాపన అనే నాలుగు ఉత్పత్తి కారకాలకు వరుసగా లభించే ప్రతిఫలాలు భాటకం, వేతనం, వడ్డీ, లాభం అని పాఠ్యగ్రంథం చెబుతుంది. వడ్డీ ఆమె ఇంట్లో రోజూ వినబడే మాట. లాభం అప్పుడప్పుడు వినబడేది. వేతనాన్ని కూలి అనుకుంటే సరిపోతుంది. భాటకం మాత్రం ఊరిలో ఎవరి నోటా రాని మాట. అక్కడ భూమిని గుత్తకు ఇస్తారు, లేదా కోరుకు ఇస్తారు. గుత్త అంటే పంట పండినా ఎండినా చెల్లించవలసిన, ముందే కుదుర్చుకున్న మొత్తం. కోరు అంటే పండినదానిలో పాలు.

ఈ రెండు మాటల మధ్య ఉన్నది కేవలం చెల్లింపు పద్ధతిలోని తేడా కాదని ఆ ఊరి రైతులందరికీ తెలుసు. వాన రాని ఏడు గుత్తదారు ఒక్కడే మునుగుతాడు. కోరు ఒప్పందంలో భూమి ఉన్నవాడు కూడా కొంత మునుగుతాడు. ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రచురించిన తన గ్రంథంలో పాలుకు చేసే సేద్యాన్ని విమర్శించాడు. అదనంగా పడే శ్రమ ఫలితంలో కొంతభాగమే తనకు దక్కుతుంది కనుక సేద్యగాడు పూర్తి శ్రద్ధ పెట్టడని ఆయన తర్కం. తరగతిలో ఆ పాఠం విన్న రోజు ఆమెకు కలిగిన సందేహం సమంజసమైనది. ఇంగ్లండులో వాన గురించి అంతగా బెంగపడనక్కరలేని రైతును చూసి చేసిన ఆ తర్కం, నాలుగేళ్లకు రెండేళ్లు విత్తనం కూడా తిరిగిరాని నేలకు ఎంతవరకు వర్తిస్తుంది? నష్టాన్ని పంచుకోవడమే ప్రధానమైన చోట కోరు అసమర్థ పద్ధతి ఎలా అవుతుంది? ఆర్థికవేత్తలు కూడా ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో ఈ ప్రశ్నను గట్టిగా పట్టించుకున్నారని ఆమెకు తరువాత తెలిసింది. ఊరి మాటలో మాత్రం ఆ విచక్షణ ముందునుంచీ ఉంది. భాటకమనే ఒక్క పదంలోకి మారేసరికి అది కనుమరుగైంది.

పరిభాషా నిర్మాతలను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథాలే లేకపోతే ఇటువంటి విద్యార్థినికి రికార్డో, మాల్థస్ పేర్లు చేరే దారే ఉండేది కాదు. వ్యాకోచత్వం, ఉపాంత ప్రయోజనం, ఉదాసీనతా వక్రరేఖ వంటి మాటలు మొదట కొరుకుడు పడకపోయినా రెండేళ్లలో ఆమె నోట సహజంగానే పలికాయి. చిక్కంతా మన భాషలో ముందే పేరున్న విషయాలకు సంస్కృత సమాసం వచ్చి చేరినచోటే.

రెండో సెమిస్టరులో ఆమెను వేధించినది ఒక వాక్యం. ‘ఇతర పరిస్థితులు మారకుండా స్థిరంగా ఉన్నప్పుడు’ అనే ఉపవాక్యం లేకుండా డిమాండు సూత్రం లేదు, సప్లయి సూత్రం లేదు, క్షీణ ప్రతిఫలాల సూత్రమూ లేదు. ధర పెరిగితే సప్లయి పెరుగుతుందని నల్లబల్లపై పైకి సాగే రేఖ గీస్తారు. వేరుసెనగ ధర పెరిగిన ఏడు వాన వెనకబడితే ఆ రేఖ ఏమవుతుందని ఆమె అడిగింది. ‘అది ఇతర పరిస్థితుల కిందికి వస్తుంది’ అన్నది అధ్యాపకుని సమాధానం. శాస్త్రరీత్యా ఆ సమాధానంలో దోషం లేదు. తరువాతి గంటలో భూగోళశాస్త్రం తరగతికి వెళ్లి కూర్చున్నప్పుడు ఆమెకు ఒక విషయం స్ఫురించింది. ఆర్థికశాస్త్రం వేటిని స్థిరంగా ఉన్నాయనుకొమ్మని కోరుతుందో భూగోళశాస్త్రం వాటినే చదివిస్తుంది: వాన, నేల, వాలు, దూరం. ఒకే కారిడారులో పక్కపక్కనున్న రెండు గదులలో ఒకరు మూసిన తలుపును మరొకరు తెరుస్తున్నట్లు ఆమెకు తోచింది. ఆ రెండు గదుల అధ్యాపకులు ఒకరి పాఠం గురించి మరొకరు మాట్లాడుకోగా మాత్రం మూడేళ్లలో ఆమె వినలేదు.

భాటకం సంగతే తీసుకొన్నా ఈ విభజన కనబడుతుంది. 1817లో రికార్డో నేలల సారంలోని తేడా నుండి భాటకం పుడుతుందన్నాడు. 1826లో ఫాన్ థ్యూనెన్ సారం అంతటా ఒకటే అనుకొని, నగరం నుండి ఉన్న దూరాన్ని బట్టి అది ఎలా మారుతుందో వలయాలుగా గీసి చూపాడు. ఒకరిని ఆర్థికశాస్త్రంలో, మరొకరిని ఆర్థిక భూగోళశాస్త్రంలో చదువుతారు. ఇద్దరూ మాట్లాడినది ఒకే పొలం గురించి. ఆమె తండ్రికి ఉన్న ఎర్రనేల చెక్కకూ, వంక దగ్గర పెద్దనాన్న దున్నే నల్లరేగడికీ గుత్తలో ఉన్న తేడా ఎంతవరకు సారం, ఎంతవరకు నీటికి దూరం అన్నది ఈ రెండు సిద్ధాంతాలనూ కలిపితే తప్ప తేలదు. థ్యూనెన్ నగరం ఉన్న చోట నీటిని ఉంచి వలయాలు గీస్తే రాయలసీమ పల్లె పటం వస్తుందని ఆమె తన నోటుపుస్తకం అంచున రాసుకొంది. ఆ ఒక్క వాక్యం విస్తరిస్తే మంచి పరిశోధన వ్యాసం కాగలదు.

వర్షపాతం పాఠం ఆమెకు అత్యంత సన్నిహితమైనది, అత్యంత అసంతృప్తి కలిగించినదీ అదే. దేశంలో జైసల్మేరు తరువాత అతి తక్కువ వర్షం పడే జిల్లా అనంతపురమని వక్తలు, పత్రికలు, కొన్ని పాఠ్యగ్రంథాలు సైతం తరచుగా అంటుంటాయి. దేశ వర్షపాత పటాన్ని ముందు పెట్టుకొన్న మొదటి రోజే ఆమెకు ఆ మాట నిలవదని తేలిపోయింది. పశ్చిమ రాజస్థాన్‌లో బికనేరు, బాడ్‌మేరు, ఉత్తరాన లేహ్ ఇంకా తక్కువ వర్షం పొందే ప్రాంతాలు. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. కరువును నిరూపించడానికి రెండో స్థానం అవసరమేమిటన్నది ఆమె ప్రశ్న. నైరుతి పవనాలు పడమటి కనుమల మీద కురిసి, ఆగుంబె వంటి చోట ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా పోసి, దాటి వచ్చేసరికి తేలికైపోతాయి. ఈశాన్య పవనాలు తూర్పు తీరాన బలంగా కురిసి ఇంత లోపలికి వచ్చేటప్పటికి అవీ సన్నగిల్లుతాయి. రెండు కాలాల వానకూ అంచున ఉన్న నేల అది. అటువంటి చోట సగటు పెద్దగా ఏమీ చెప్పదు. ఒకే వారంలో కురిసి, తరువాత నలభై రోజులు ముఖం చాటేసిన వాన కూడా సగటులో చక్కగా కలిసిపోతుంది.

సగటు చెప్పలేని దానికి ఊరిలో ఒక మాట ఉంది: పదును. ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందని రైతు అడగడు, పదునైందా లేదా అంటాడు. కురిసిన వాన, నేల పట్టుకొన్న తేమ, విత్తవలసిన అదను, మూడూ కలిస్తేనే పదును. నేల తేమ అని దానిని అనువదిస్తే అదను జారిపోతుంది. కార్తెల విషయమూ అటువంటిదే. సూర్యుడు ఇరవైయేడు నక్షత్రాలలో సంచరించే కాలాన్ని విభజించినవి కనుక ఒక్కొక్క కార్తె పదమూడు పద్నాలుగు రోజులుంటుంది. మృగశిర జూన్ మొదటి వారం చివరన, ఆరుద్ర జూన్ మూడో వారం చివరన వస్తాయి. చాంద్రమాసాలు అధికమాసంతో అటూ ఇటూ జరిగినా కార్తెలు జరగవు. అందుకే సేద్యం పండుగల పంచాంగాన్ని విడిచి కార్తెలను పట్టుకొంది. నిరయన గణన వలన కార్తె కూడా సుమారు డెబ్బై ఏళ్లకొక రోజు చొప్పున ఋతువు నుండి జరుగుతుందని భూగోళశాస్త్ర అధ్యాపకురాలు చెప్పినప్పుడు ఆమె ఆనందించింది. సామెతలు పుట్టిన నాటి ఆరుద్రకూ ఇప్పటి ఆరుద్రకూ మధ్య ఎన్ని రోజులు జరిగి ఉంటాయో లెక్కవేయడానికి ప్రయత్నించింది కూడా. సామెతల కాలనిర్ణయం చేసేవారికి ఇదొక ఆధారం కావచ్చు.

ఊరిలో కొర్ర, సజ్జ, ఆరికె, జొన్న పండిన చేలన్నీ వేరుసెనగకు మారిన కథ ఆమెకు నాయనమ్మ ద్వారా తెలుసు. ఎందుకు మారాయో ఆర్థికశాస్త్రం చెప్పింది. నూనెకు గిరాకీ పెరిగింది, చేతికి డబ్బు వచ్చే పంట అయింది, 1986లో ప్రారంభమైన నూనెగింజల టెక్నాలజీ మిషన్ ఊతమిచ్చింది. 1990ల మధ్యలో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరుచుకోవడంతో అనంతపురం ఎర్రనేలలో పండిన కాయ ధర మలేషియా, ఇండొనేషియా తోటలతో ముడిపడింది. ఏడాది పొడుగునా వాన కురిసే భూమధ్యరేఖా ప్రాంతపు చెట్టుతో వర్షచ్ఛాయా ప్రాంతపు తీగకు పోటీ. తులనాత్మక వ్యయ సూత్రం ప్రకారం ఇది అందరికీ మేలు చేయవలసిన వర్తకమే. చెన్నైలోనో హైదరాబాదులోనో నూనె కొనే ఇల్లాలికి అది మేలే చేసింది. పంట మార్చుకొని తేరుకోవడానికి ఎంతకాలం పడుతుందో, ఆ కాలాన్ని ఎవరు భరించాలో ఆ సూత్రంలో లేదు. ఆమె కుటుంబం ఆ కాలాన్ని చీనీ తోట వేసి గడపాలనుకొంది. మూడెకరాలు. చీనీకి నీళ్లు కావాలి, నీళ్లకు బోరు కావాలి.

ఇక్కడితో రెండు శాస్త్రాలూ తరగతి గది దాటి ఇంట్లోకి వచ్చాయి. ఆమె డిగ్రీ రెండో సంవత్సరం వేసవిలో మూడో బోరు ఎండిపోయింది. రెండోదానిలో మాత్రం అరకొరగా వస్తున్నాయి. తండ్రి నాలుగో బోరుకు అప్పు మాట్లాడుకొని వచ్చాడు. మునిగిపోయిన వ్యయాన్ని తరువాతి నిర్ణయంలో లెక్కించరాదన్న పాఠం ఆమెకు తాజాగా ఉంది. మూడు బోర్ల మీద పోసిన డబ్బు ఎలాగూ తిరిగిరాదని, దానిని రాబట్టాలని నాలుగోది వేయిస్తే అది జూదమని ఆమె చెప్పింది. తండ్రి ఇచ్చిన సమాధానం ఏ పాఠ్యగ్రంథంలోనైనా చేర్చదగినది. “మూడు బోర్లు పోయినాయని నేను లెక్కేసుకోలేదు పాపా. ఎనిమిదేండ్ల చెట్లు పోతాయని లెక్కేసుకుంటాండా. చెట్టు ఈ ఎండాకాలం నిలబడితే మళ్లా కాస్తాది. ఎండితే మళ్లా ఎనిమిదేండ్లు నేనేడ తెచ్చేది?”

ఆ మాటలో మునిగిన వ్యయం లేదు. రాబోయే కాపు విలువను, నీళ్లు పడే అవకాశాన్ని, అప్పు భారాన్ని ముందు పెట్టుకొని చేసిన ఉపాంత గణన అది. తండ్రీకూతుళ్ల మధ్య మిగిలిన భేదమల్లా నీళ్లు పడే అవకాశం ఎంత అన్నదానిమీదే. ఆ ప్రశ్నకు ఆర్థికశాస్త్రం వద్ద జవాబు లేదు, అది రాతిలో ఉంది. జిల్లాలో అధికభాగం గ్రానైటు, నైస్ శిలల కఠినశిలా ప్రాంతం. నీరు పైన శిథిలమైన పొరలోనూ, దాని కింద రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. కోనసీమ ఒండ్రునేలలో ఎక్కడ దింపినా నీరు తగలవచ్చు కానీ ఇక్కడ పది అడుగుల తేడాలో ఒక బోరు పారుతుంది, పక్కది దుమ్ము లేపుతుంది. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నడిచేవారికి, వేపపుల్ల పట్టుకొనేవారికి గిరాకీ ఉన్నది ఇందుకే. పగుళ్లు కంటికి కనబడని చోట మనిషి ఏదో ఒక సూచన కోరుకొంటాడు.

ఊరంతా ఇలా తవ్వుకొంటూ పోవడానికి కారణమేమిటన్నది మరో ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు 2004లో వచ్చింది. అది ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. నీరు తోడే ఉపాంత వ్యయాన్ని సున్నా కూడా చేసింది. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు మోటారు దానంతటదే ఆడేలా ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకొన్నారు. తాను తోడకుండా ఆపిన నీరు తనకు మిగలదు, పక్కవాడి బోరులోకి పోతుంది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కొత్త బోరుకు అనుమతి తీసుకొమ్మంటుంది. రాత్రి వచ్చే రిగ్గు లారీకి ఆ చట్టం అడ్డుపడినట్లు ఆ ఊరిలో ఎవరూ చెప్పరు. ఉమ్మడి వనరుల వినాశం తప్పనిది కాదని, వాడుకొనేవారే నియమాలు ఏర్పరచుకొని కాపాడుకొన్న సందర్భాలున్నాయని 1990లో ఎలినార్ ఆస్ట్రమ్ నిరూపించింది. ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ ఆమె, అది 2009లో. ఈ పాఠం చదివినప్పుడు విద్యార్థినికి గుర్తుకొచ్చినది ఊరి నీరుగంటి. చెరువు పారినన్నాళ్లూ ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో నిర్ణయించినవాడు అతడు. ఆ పంపిణీలో కులం, పలుకుబడి తమ పాత్ర తాము వహించాయి కనుక దానిని స్వర్ణయుగంగా వర్ణించనక్కరలేదు. అయినా నీటికొక కాపరి ఉండేవాడు. బోరుకు నీరుగంటి లేడు.

మూడో ప్రధానాంశమైన చరిత్ర ఆమెకు పోరుమామిళ్ల శాసనాన్ని పరిచయం చేసింది. కడప జిల్లాలోని ఆ చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల కాలం పట్టిందని ఆ సంస్కృత శాసనం చెబుతుంది. మంచి చెరువుకు పన్నెండు సాధనాలనూ, ఆరు దోషాలనూ అది లెక్కిస్తుంది. కట్ట నుండి నీరు కారడం, చవిటినేల, మధ్యలో తాబేటి వీపులా మెరక ఉండడం, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం వంటివాటితో పాటు చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండడాన్ని కూడా దోషంగానే పరిగణించింది. సాధనాలలో ధనవంతుడూ ధర్మపరుడూ అయిన రాజు ఉన్నాడు, జలశాస్త్రం తెలిసిన పండితుడూ ఉన్నాడు. రాతినేల, పెట్టుబడి, హక్కుల తగాదా ఒకే జాబితాలో, ఒకే శ్వాసలో వచ్చాయి. ఆ శాసనకర్తకు ఇవి రెండు సబ్జెక్టులని తెలియదు. మన విద్యావ్యవస్థలో వాటికి రెండు ప్రశ్నపత్రాలు.

బోరు వేయించడం నెలరోజులు ఆపమని ఆమె తండ్రిని ఒప్పించింది. ఆ నెలలో ప్రాజెక్టు పని పేరిట ఊరి బోర్లన్నింటినీ గ్రామపటం మీద గుర్తించింది. ప్రతి ఇంటికీ వెళ్లి ఏ ఏట వేయించారు, ఎంత లోతు, నీళ్లు పడ్డాయా, ఎన్నాళ్లు పారాయి అని అడిగింది. డిగ్రీ పిల్ల అడుగుతోందని కొందరు నవ్వారు. ఒకరిద్దరు ఆడవాళ్లు మాత్రం అప్పు సహా తేదీలు చెప్పారు. ఆ తేదీలు వారికి మరపురానివి: ఒక బోరు బిడ్డ పెండ్లి వాయిదా పడిన ఏడు వేయించినది, మరొకటి కమ్మలు కుదువపెట్టి వేయించినది. పటం నిండేసరికి ఒక ఆకారం తేలింది. పారుతున్న బోర్లు ఎక్కువగా వంక వెంబడి, పాత చెరువు కింద వరుసగా ఉన్నాయి. ఎగువ మెరకలో, తండ్రి తోట ఉన్న వైపు, గుర్తులన్నీ దాదాపు ఒక్క రకంవే.

గుర్తులకు పేర్లు పెట్టడం దగ్గర భాష మళ్లీ అడ్డొచ్చింది. విఫల నలకూపాలు అని పటసూచికలో రాయమన్నారు. ఊరిలో రెండు వేర్వేరు మాటలున్నాయి: నీళ్లు పడని బోరు, పడి ఎండిన బోరు. మొదటిది రాతి సంగతి, రెండోది మనుషుల సంగతి. మొదటిది భూగోళశాస్త్రానికి, రెండోది ఆర్థికశాస్త్రానికి చెందుతుందని కూడా అనవచ్చు. పైగా భూమి లోపలినుండి పైకి వచ్చే నీటిని కూడా తెలుగు ‘పడ్డాయి’ అనే అంటుంది. వానకు వాడే క్రియే బోరుకూ వాడడం వెనుక, రెండూ మన చేతిలో లేనివేనన్న భావన ఉందేమో భాషావేత్తలు పరిశీలించాలి. ఆమె పటసూచికలో ఊరి మాటలనే ఉంచింది. పరీక్షకులు వాటి కింద ఎర్రగీత గీశారు కానీ మార్కులు తగ్గించలేదు.

తండ్రి ఆ పటాన్ని అరుగు మీద పరచుకొని చాలాసేపు చూశాడు. అక్షరాలు ఆయనకు రావు, పొలాలు వచ్చు. తమ తోటకు ఎగువన, ఆమె పుట్టకముందు ఎవరో వేయించి బండతో మూసేసిన బోరు ఒకటి తప్పిపోయిందని వేలు పెట్టి చూపించాడు. అక్కడ ఏ గుర్తు పెట్టాలని ఆమె అడిగితే “పడనిదే పెట్టు” అన్నాడు. నాలుగో బోరు మాట ఆ తరువాత ఎత్తలేదు. మిగిలిన బోరు నీటితో, కొని తెచ్చిన ట్యాంకరు నీటితో డ్రిప్పు మీద ఒక ఎకరా చెట్లను నిలబెట్టారు. రెండెకరాల చెట్లను కొట్టించి కట్టెగా అమ్మారు. ఆ నేలలో ఆరుద్రలో పదునైతే కొర్ర చల్లాలనుకొన్నారు. ఆ ఏడు పదును పునర్వసుకు గానీ కాలేదు.